ఐపీసు మీద పేరు చూసి కొనకు, సింధూ

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి సింధుకు,

పెదనాన్న ఆశీస్సులు. మీ బడి పూర్వ విద్యార్థులు టెలిస్కోపుకి డబ్బు పోగుచేసి ఇచ్చారని, అందులో నాలుగు ఐపీసులు (టెలిస్కోపుకి కన్ను పెట్టి చూసే చోట బిగించే చిన్న లెన్సు గొట్టాలు) కూడా కొనాలని రాశావు. చాలా సంతోషం. గాంధీ కొండ మీద ప్లానెటేరియంలో గుమ్మటం మీద చుక్కలు చూసిన పిల్లలు రేపు డాబా మీద నిజం శనిగ్రహాన్ని చూస్తారు. నువ్వు పంపిన పట్టిక చూశాను. ఒక పేరు పక్కన అమెరికా అనీ, ఇంకోదాని పక్కన జర్మనీ అనీ, మిగతావాటి పక్కన చైనా అనీ రాసుకున్నావు. అమెరికాది ఖరీదెక్కువైనా నమ్మకం కదా అని అడిగావు. ముందు ఆ గుర్తులన్నీ కొట్టెయ్యి. నీ పట్టికలో ఉన్న రకం సరుకంతా తయారయ్యేది చైనాలోనో తైవాన్‌లోనో. పెట్టె మీద జెండా వేరు, లోపల గాజుని సానపట్టిన ఊరు వేరు.

మన మిర్చి యార్డు సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఒకే లాటు కాయ నాలుగు మిల్లులకి పోతుంది, పది పేర్లతో ప్యాకెట్లలో బయటికొస్తుంది. కానీ ఆ పది ప్యాకెట్ల కారమూ ఒక్కటి కాదు. తొడిమలు తీయించినవాడు, తాలు ఏరించినవాడు, తేమ చూసి ఆడించినవాడు ఎవరో వంటలో తెలిసిపోతుంది. ఐపీసుల వ్యాపారం కూడా అంతే. అందుకని కొనేవాళ్లు రెండు ప్రశ్నలు అడగాలి. ఏ ఫ్యాక్టరీలో చేశారు? చేశాక ఎవరు పరీక్షించారు? రెండో ప్రశ్న చాలామంది అడగరు. నువ్వు మాత్రం మానకు.

మొదటి ప్రశ్నకి జవాబు పెద్ద రహస్యమేం కాదు. సింటా అనే తైవాన్ కంపెనీ 1980లో మొదలైంది. 1990ల్లో షాంఘై దగ్గర సుజౌ నగరంలో పెద్ద ఫ్యాక్టరీ పెట్టింది. స్కై-వాచర్ వాళ్ల సొంత బ్రాండు. అమెరికా పేరనుకునే సెలెస్ట్రాన్‌ని కూడా 2005లో వాళ్లే కొనేశారు. ఒకప్పుడు సెలెస్ట్రాన్ అంటే కాలిఫోర్నియాలోని టోరెన్స్. టామ్ జాన్సన్ అనే ఆయన అక్కడే నారింజ రంగు గొట్టాల టెలిస్కోపులు చేయించి, పెద్ద టెలిస్కోపుని మామూలు మనిషి కొనుక్కునే ధరకి తెచ్చాడు. ఆ చరిత్ర గొప్పదే. ఇవాళ ఆ పేరుతో మన చేతికొచ్చే గొట్టం మాత్రం చైనా నుంచి వస్తుంది.

మీడ్ అనే ఇంకో అమెరికా పేరుని నింగ్బో సన్నీ అనే చైనా కంపెనీ 2013లో కొంది. సింటా, నింగ్బో సన్నీ రెండూ కూడబలుక్కుని పోటీ లేకుండా చేశాయని ఒరాయన్ అనే అమెరికా అమ్మకందారు కోర్టుకెక్కింది. 2019లో కాలిఫోర్నియాలో జ్యూరీ నింగ్బో సన్నీకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. నష్టపరిహారం మూడింతలై ఐదు కోట్ల డాలర్లు దాటింది. తర్వాత మీడ్ కూడా ఒరాయన్ చేతికే వచ్చింది. ఆ ఒరాయనే 2024లో మూతపడింది! వారంటీ కార్డు చూసి డబ్బు పెట్టేవాళ్లకి ఈ కథ తెలియాలి. బ్రాండు పోయినా ఫ్యాక్టరీ నడుస్తూనే ఉంటుంది, అదే ఐపీసు ఇంకో పేరుతో వస్తూనే ఉంటుంది. కార్డు మీద రాసిన హామీకి మాత్రం అడగడానికి మనిషి ఉండడు. అందుకే మన దేశంలో ఉన్న దిగుమతిదారు ఎవరు, అతను సరుకు వెనక్కి తీసుకుంటాడా లేదా అన్నది నీకు బ్రాండు కన్నా ముఖ్యం. దిగుమతైన ప్యాకెట్ మీద తయారైన దేశం, దిగుమతిదారు పేరు, చిరునామా ఉండాలని మన తూనికలు కొలతల చట్టం చెబుతోంది. అవి లేని పెట్టె తీసుకోకు.

నువ్వు జర్మనీ అని రాసుకున్న బ్రెస్సర్ వెనక గ్వాంగ్‌జౌలోని జింగ్హువా ఆప్టిక్స్ ఉంది. ఎక్స్‌ప్లోర్ సైంటిఫిక్ ఐపీసులూ ఆ గూటివే. యున్నాన్ రాష్ట్రంలో కున్‌మింగ్ ఇంకో పెద్ద కేంద్రం. జపాన్‌తో యుద్ధం జరిగే రోజుల్లో చైనా సైన్యానికి బైనాక్యులర్లు చేసిన ఊరది. ఆ చేతిపని అక్కడే నిలిచిపోయింది. ఇవాళ కున్‌మింగ్ యునైటెడ్ ఆప్టిక్స్ లెన్సు టెలిస్కోపులు, వెడల్పాటి దృశ్యం చూపే ఐపీసులు చేసి రకరకాల పేర్లకి ఇస్తుంది. తైవాన్‌లో గ్వాన్ షెంగ్, లాంగ్ పెర్ంగ్ అనే రెండు పేర్లు గుర్తుపెట్టుకో. గ్వాన్ షెంగ్ అద్దాలకి మంచి పేరుంది. డాబ్సోనియన్ టెలిస్కోపులు, అంటే నేల మీద పెట్టిన తిరిగే పెట్టెలో కూర్చునే సాదా అద్దపు టెలిస్కోపులు, అమ్మే చిన్న బ్రాండ్లు చాలావాటిలో వాళ్ల దర్పణమే ఉంటుంది.

ఇదంతా తూర్పుకి ఎలా చేరిందంటే, మొదట జపాన్. యుద్ధం తర్వాత టోక్యోలో, ముఖ్యంగా ఇతబాషి ప్రాంతంలో, చిన్న చిన్న లెన్సు షాపులు వెలిశాయి. అమెరికా దుకాణాల్లో అమ్ముడైన టెలిస్కోపులు లెక్కలేనన్ని అక్కడినుంచి పోయినవే, పేరు మాత్రం కొన్నవాడిది. పాత ఐపీసుల మీద గుండ్రని గీతలో టి అక్షరం ముద్ర కనిపిస్తే అది ఆ కాలపు జపాన్ సరుకు. ఎక్కడైనా దొరికితే వదలకు, ఆర్థోస్కోపిక్ అనే ఆ పాతరకం ఐపీసులు చంద్రుడికీ గ్రహాలకీ ఇప్పటికీ చక్కగా పనికొస్తాయి. 1985లో ప్లాజా ఒప్పందం తర్వాత యెన్ విలువ విపరీతంగా పెరిగింది, జపాన్ సరుకు ఖరీదైపోయింది. పని తైవాన్‌కి జరిగింది, అక్కడినుంచి చైనాకి. జపాన్‌లో మిగిలింది పైతరగతి సరుకు. తకాహాషి ఇప్పటికీ ఇతబాషిలోనే ఉంది. దాని ఫ్లోరైట్ లెన్సులు కెనాన్ ఆప్ట్రాన్ నుంచి వస్తాయి. అంటే అంత గొప్ప పేరు కూడా లెన్సు దగ్గరికొచ్చేసరికి ఇంకొకరి మీద ఆధారపడిందే. అందులో తప్పేం లేదు, ఈ పరిశ్రమ తీరే అది.

రెండో ప్రశ్నకి వస్తాను, నేను అసలు చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. టెలివ్యూ అనే కంపెనీ న్యూయార్క్ రాష్ట్రంలో ఉంది. స్థాపించిన ఆల్ నాగ్లర్ అంతకుముందు అపోలో వ్యోమగాములు చంద్రుడి మీద దిగడం సాధన చేసే సిమ్యులేటర్‌కి ఆప్టిక్స్ రూపొందించాడు. ఆ అనుభవంతోనే 1980 ప్రాంతంలో 82 డిగ్రీల దృశ్యం చూపే ఐపీసు తెచ్చాడు. కంటికి గొట్టం గోడలే కనిపించవు, ఆకాశంలో కిటికీ తెరిచినట్టుంటుంది. ఆ ఐపీసులు తయారయ్యేది జపాన్‌లో, తైవాన్‌లో. దేశం పేరు ఐపీసు ఒంటి మీదే చెక్కి ఉంటుంది, వాళ్లు దాచరు. మరి అంత ధర ఎందుకు? డిజైన్ వాళ్లది. ఎంత కచ్చితంగా చేయాలో ఫ్యాక్టరీకి వాళ్లే చెబుతారు. వచ్చిన సరుకుని మళ్లీ తమ దగ్గర పరీక్షించి అమ్ముతారు. నువ్వు అదనంగా కట్టే డబ్బు అమెరికాకి కాదు, ఆ తిరస్కరించిన వాటికి కడుతున్నావు.

ఒక లెన్సు ఎలా తయారవుతుందో చెబితే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. గాజు దిమ్మని వంపు వచ్చేలా వజ్రపు పొడి అంటిన చక్రంతో అరగదీస్తారు. తర్వాత మెత్తని పొడులతో రుద్దుతారు. చివర సీరియం ఆక్సైడ్‌తో పాలిష్ చేస్తారు. వంపు మధ్యబిందువూ లెన్సు అంచూ ఒకే అక్షం మీదికి వచ్చేలా చుట్టూ చెక్కుతారు. వెలుతురు తిరిగి వెనక్కి పోకుండా, శూన్యంలో పెట్టి సన్నని కోటింగ్ వేస్తారు. అంచులకి నలుపు పూస్తారు. రెండేసి లెన్సులు అంటించి, గొట్టంలో మధ్య మధ్య రింగులు పెట్టి బిగిస్తారు. టెలిస్కోపు అద్దం మీద ఎంత తేడా ఓర్చుకోవచ్చో తెలుసా? కంటికి చేరే కాంతి తరంగంలో తప్పు నాలుగో వంతు మించకూడదని రేలీ అనే శాస్త్రవేత్త పెట్టిన హద్దు. ఆకుపచ్చ కాంతి 550 నానోమీటర్లయితే, నాలుగో వంతు 137. దర్పణానికి ఇంకా సగమే, ఎందుకంటే పరావర్తనంలో తప్పు రెట్టింపవుతుంది. ఇంత సన్నని పనిలో పాలిషింగ్ యంత్రం మీద ఇంకో గంట ఉంచడం, అంచు నలుపు మానెయ్యడం, ఒక కోటింగ్ పొర తగ్గించడం, పదింటికి ఒకటి చూడటమా ప్రతిదీ చూడటమా, ఇవన్నీ డబ్బుతో తేలే సంగతులు. ఆర్డరిచ్చిన బ్రాండు ఎంత ఇస్తానంటే ఫ్యాక్టరీ అంత చేస్తుంది. అదే బల్ల మీద అదే పనివాళ్లు రెండు రకాలూ చేస్తారు. చైనాది కాబట్టి నాసి అనడం ఎంత తప్పో, అదే ఫ్యాక్టరీ కాబట్టి రెండూ ఒకటే అనడమూ అంతే తప్పు.

లెన్సు టెలిస్కోపు మీద ఈడీ గ్లాస్ (కాంతిని రంగులుగా తక్కువ చీల్చే గాజు) అని రాసి ఉంటే మురిసిపోకు, ఏ ఈడీ అని అడుగు. జపాన్‌లో ఒహారా కంపెనీ చేసే ఎఫ్‌పీఎల్-53, హోయా చేసే ఎఫ్‌సీడీ100 మేలురకం. రంగు చీలిక ఎంత తక్కువో చెప్పే ఆబె సంఖ్య వాటికి 95 దగ్గర ఉంటుంది. ఒహారాదే ఎఫ్‌పీఎల్-51, చైనాలో చెంగ్డూ నగరపు సీడీజీఎం చేసే హెచ్-ఎఫ్‌కే61, ఈ రెండూ 82 దగ్గర. ఇవీ మంచివే, కానీ ధర ఆ మేరకు తక్కువుండాలి. గాజు పేరు చెప్పకుండా ఈడీ అని ఊరుకునే అమ్మకందారుతో బేరం ఆపెయ్యి. నీ బడికి ఎలాగూ లెన్సు టెలిస్కోపు వద్దు, ఆ డబ్బుకి అద్దపు టెలిస్కోపు రెట్టింపు వెలుతురు పోగుచేస్తుంది.

మన దేశంలో చేసింది దొరకదా అని కూడా అడిగావు. పెద్ద అద్దాలు చేసిన చేతులు మనకున్నాయి. తమిళనాడులో కావలూరులోని వైణు బాప్పు వేధశాలలో ఉన్న 2.34 మీటర్ల దర్పణానికి గాజు దిమ్మ జర్మనీది, సానపట్టింది మన భారత ఖగోళ భౌతిక సంస్థ వాళ్లే. 1986 నుంచి అది పనిచేస్తోంది. కోల్‌కతాలో కేంద్ర గాజు, సిరామిక్ పరిశోధన సంస్థ ఆప్టికల్ గాజు పోసింది. డెహ్రాడూన్‌లో సైన్యానికి దుర్భిణులు చేసే ప్రభుత్వ ఫ్యాక్టరీ ఉంది. కానీ ఉత్తరాఖండ్‌లో దేవస్థల్ కొండ మీద మన 3.6 మీటర్ల టెలిస్కోపు కట్టింది బెల్జియం కంపెనీ, దాని అద్దం పాలిష్ అయింది మాస్కో దగ్గర లిట్కారినోలో. ఐపీసుల్లాంటి చిన్న సరుకు లక్షల్లో చేస్తేనే గిట్టుబాటు. అంత గిరాకీ మన దగ్గర ఇంకా పుట్టలేదు, మీ బడిలాంటివి వందలు పుడితే అదీ వస్తుందని నా ఆశ. అందాకా బయటి పరికరం వాడటంలో చిన్నతనమేమీ లేదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన గుంటూరు మీదుగా పోయినప్పుడు పియర్ జాన్సెన్ అనే శాస్త్రవేత్త ఫ్రాన్స్ నుంచి పరికరాలు మోసుకొచ్చి ఈ ఊళ్లోనే చూశాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటంలో మెరిసే గీతలు చూసి, మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని మళ్లీ పట్టుకున్నాడు. ఈ సంగతి మీ పిల్లలకి తప్పకుండా చెప్పు, అది జరిగింది మన వీధుల్లోనే.

ఇక కొనే సంగతి. ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ తీసుకో, ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ కుదిరే చోటికి దూరం) 1200 మి.మీ. ఉన్నది. స్కై-వాచర్‌దైనా, గ్వాన్ షెంగ్ అద్దమున్న వేరే పేరుదైనా ఫర్వాలేదు. దిగుమతిదారు ఎవరు నమ్మకస్తుడైతే అది. బరువని భయపడితే ఆరంగుళాలది, దానికీ ఫోకల్ లెంగ్త్ 1200 మి.మీ.నే. 525 రెట్లు పెద్దదిగా చూపిస్తుందని అట్ట మీద రాసినవి ముట్టుకోకు. అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో ఎంతో దానికి రెట్టింపు దాటిన మాగ్నిఫికేషన్ ఉత్త మసక. ఈ రకంలో గొట్టం అర మీటరే ఉండి ఫోకల్ లెంగ్త్ 1000 మి.మీ. అని రాసి ఉంటే లోపల, ఐపీసు బిగించే ఫోకసర్‌లో, ఒక చౌక లెన్సు దాచారని అర్థం. అదీ వద్దు. పెట్టెలో ఐపీసుకి బిగించే సూర్యుడి ఫిల్టరు వస్తే అక్కడికక్కడే సుత్తితో పగలగొట్టు. వేడికి అది పగిలితే పిల్లవాడి కన్ను పోతుంది. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం ముందుభాగాన్ని పూర్తిగా కప్పే ఫిల్టరే వాడాలి.

ఐపీసులు నాలుగు వద్దు, మూడు చాలు. టెలిస్కోపుతో వచ్చే 25 మి.మీ. ప్లోస్ల్ (మామూలు రకం ఐపీసు) ఉంచుకో, 48 రెట్లు, కృత్తికలకీ ఓరాయన్ నెబ్యులాకీ అదే. 9 మి.మీ., 6 మి.మీ.లకి 66 డిగ్రీల రకం కొను. నల్లటి ఒంటి మీద బంగారు రంగు గీత ఉంటుంది. ఒకే డిజైన్ చైనా నుంచి ఎన్ని పేర్లతో వస్తుందో లెక్కేలేదు, ధర చూసి తక్కువది తీసుకో. కంటికీ గాజుకీ మధ్య సుమారు 15 మి.మీ. దూరం దొరుకుతుంది, కళ్లద్దాల పిల్లలకి హాయి. 6 మి.మీ. ప్లోస్ల్ అయితే కనురెప్ప గాజుకి తగిలేంత దగ్గర పెట్టాలి. ఆ బంగారు గీత వరసలో 15, 20 మి.మీ.వి మాత్రం వద్దు, నీ టెలిస్కోపులో అంచున చుక్కలు సాగిపోతాయి. మిగిలిన డబ్బు నాణ్యమైన కాలిమేషన్ పరికరానికి, అంటే టెలిస్కోపు అద్దాలని ఒకే వరసకి తెచ్చే సాధనానికి, పెట్టు.

సరుకు రాగానే మొదట ట్యూబులైటు కింద చూడు. ఐపీసుని కాస్త వంచి పట్టుకుంటే ట్యూబులైటు ప్రతిబింబాలు వరసగా కనిపిస్తాయి. గాలికి తగిలే ప్రతి గాజు ఉపరితలానికీ ఒకటి. అవి ఆకుపచ్చ, ఊదా, నీలం రంగుల్లో మసకగా ఉంటే కోటింగ్ ఉన్నట్టు. ఒక్కటి తెల్లగా, ట్యూబులైటంత కాంతితో మెరిసిందంటే ఆ ఉపరితలానికి కోటింగ్ వేయలేదు. అక్కడ నూటికి నాలుగు వంతుల వెలుతురు పోతుంది. పెట్టె మీద ఫుల్లీ మల్టీకోటెడ్ అని రాసినా సరే, వెనక్కి పంపు. టార్చి వేసి మాత్రం చూడకు, టార్చి వెలుతురులో ఏ లెన్సయినా మురికిగానే కనిపిస్తుంది. రాత్రి చంద్రుణ్ణి దృశ్యం బయటికి కొంచెం జరిపి చూడు. లోపల తెల్లటి చంద్రవంకలు, పొగలాంటి వెలుగు వస్తే అంచులకి నలుపు పూయలేదు.

అద్దాన్ని చుక్కతో పరీక్షించాలి. మొదట కాలిమేషన్ సరిచెయ్యి. ధ్రువనక్షత్రం కదలదని దాన్ని ఎంచుకోమని అందరూ చెబుతారు, మన బెజవాడలో అది 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, దుమ్మూ వేడీ అడ్డం. నడినెత్తికి దగ్గరున్న చుక్క తీసుకో. ఫోకస్‌కి ఇటూ అటూ కొద్దిగా జరిపితే గుండ్రటి వలయాలు రావాలి, రెండు వైపులా ఒకేలా. త్రికోణంగా వస్తే అద్దాన్ని పట్టుకున్న క్లిప్పులు బిగుసుకున్నాయి, వదులు చెయ్యి. తప్పు ఎక్కడుందో తెలియకపోతే ఐపీసుని గూట్లోనే తిప్పు. వంకర దానితో పాటు తిరిగితే ఐపీసుది, కదలకపోతే అద్దానిది. డాబా పగలంతా కాగి ఉంటుంది, చుక్క ఉడుకుతున్నట్టు కనిపిస్తే అద్దాన్ని తప్పుపట్టకు. తెల్లవారుజామున చూడు.

చివరిగా, మన కృష్ణాతీరపు ఉక్కకి లెన్సుల్లో బూజు పడుతుంది. సాలెగూడులా గాజు మీద పాకితే కోటింగ్ తిని మచ్చ మిగులుస్తుంది. ఐపీసులు గాలి చొరని డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో పెట్టు. పొట్లం రంగు మారితే వేడిచేసి మళ్లీ వాడు. ఏసీ గదిలోంచి తెచ్చినప్పుడు డబ్బా మూత వెంటనే తీయకు, బయటి వేడికి అలవాటయ్యాక తియ్యి, లేకపోతే గాజంతా చెమ్మ పడుతుంది. కొంగుతో తుడవనివ్వకు ఎవర్నీ.

అమ్మకందారుకి ఆర్డరిచ్చే ముందు ఉత్తరమో మెయిలో రాయి: తయారైన దేశం, అద్దం గోళాకారమా పారాబోలానా (కాంతినంతా ఒకే బిందువుకి చేర్చే వంపు), కోటింగ్ ఏ రకం, ఎన్ని రోజుల్లో వెనక్కి తీసుకుంటారు. జవాబు రాతపూర్వకంగా రావాలి. వచ్చాక నాకు ఒక కాపీ పంపు, చూసి చెబుతాను. పెద్దమ్మ నిన్ను అడిగినట్టు రాయమంది.

మీ పెదనాన్న